మొదటి మలుపు గండం

వారమంతా సాధన చేసి, రేసు మొదలైన పది సెకన్లకే కంకరలో దిగబడేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఆన్‌లైన్ కారు రేసుల్లో ‘టర్న్ వన్’ అంటే ఎందుకంత హడల్? దాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని దాటడమెలా? సాతంరాయిలోని ఒక మేడగదిలోంచి ముఖచిత్ర కథనం.

సాతంరాయిలో మా అక్కవాళ్లింటి మేడగదిలో పోయిన శనివారం రాత్రి పదిన్నరకు పెద్ద ప్రమాదం జరిగింది. ఏడెనిమిది కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఒకటి పల్టీ కొట్టి తలకిందులుగా జారుకుంటూ పోయింది. రెండు కంకరలో దిగబడ్డాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, మా మేనల్లుడు హెడ్‌ఫోన్ తీసి మంచం మీదికి విసిరాడు. "నేనేం చెయ్యలే మామా! ముందటోడే ఉత్తపుణ్యానికి బ్రేకు గొట్టిండు" అన్నాడు, నేనింకా ఏమీ అడగకముందే.

కిటికీ అవతల ఎయిర్‌పోర్టులో దిగబోయే విమానం దీపాలు. కింద బెంగళూరు హైవే మీద లారీల హారన్లు. గదిలో తెర మీద ఇటలీ దేశపు మోంజా ట్రాక్. మావాడు బీటెక్ మూడో సంవత్సరం. బల్లకు బిగించిన స్టీరింగు, నేల మీద పెడల్స్, చక్రాల కుర్చీ. ఇదీ వాడి రేసు కారు. వారం రోజులుగా రాత్రిళ్లు అదే ట్రాక్ మీద తిరుగుతున్నాడు. ఏ మలుపులో ఏ గేరో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఖాళీ ట్రాక్ మీద వదిలితే పది ల్యాపులు గీత గీసినట్టు తిప్పుతాడు. కానీ ఇరవై మంది మధ్య రేసు మొదలయ్యేసరికి మొదటి మలుపు దాటడు. ఆ వారంలో అది మూడోసారో నాలుగోసారో.

"గుద్దుకుంటే మళ్ల మొదలువెట్టుకోవచ్చు గదరా, దానికింత కోపమా?" అని మా అక్క మెట్ల మీది నుంచే అడిగింది.

అక్కడే ఉంది చిక్కు. ఇంట్లో ఒక్కడే ఆడుకునే ఆటలో మొదటికి రావచ్చు. ఆన్‌లైన్‌లో అవతల కూర్చున్నవాళ్లు నిజం మనుషులు. ఒకడు బ్రెజిల్లో, ఒకడు పోలండ్లో, ఒకడు కోయంబత్తూరులో. వాళ్లందరి రేసును ఆపి మనకోసం వెనక్కి తిప్పరు. నలభై నిమిషాల రేసుకు ముందు ఇరవై నిమిషాలు క్వాలిఫయింగ్, దానికి ముందు వారం రోజుల సాధన. అన్నీ కలిపి మొదటి మలుపులో రెండు సెకన్ల పని. తప్పితే మిగతా నలభై నిమిషాలు వంగిపోయిన కారుతో అందరికంటే వెనక ఈడ్చుకోవాలి, లేదంటే ఆపేసి పడుకోవాలి.

బావ చెప్పిన తీర్పు

ఆ రాత్రి మేం రీప్లే వేసి చూశాం. పైనుంచి హెలికాప్టరులో చూసినట్టు, నెమ్మదిగా, అంగుళం అంగుళం. మోంజాలో గీత దాటాక చాలా పొడవైన సూటి దారి. దాని చివర ఒక్కసారిగా కుడికి, వెంటనే ఎడమకు తిరిగే ఇరుకు మలుపు. రెండు వందల యాభై కిలోమీటర్ల వేగం నుంచి డెబ్బైకి దిగాలి. అంత వెడల్పు దారి సీసా మెడలా సన్నబడుతుంది. ఇరవై కార్లు ఒకేసారి ఆ మెడలోకి దూరాలి.

మావాడు ఎప్పటిలాగే నూట యాభై మీటర్ల బోర్డు దగ్గర బ్రేకు తొక్కాడు. ఒక్క మీటరు అటూ ఇటూ కాలేదు. "చూడు, కరెక్టుగనే గొట్టిన" అని తెర మీద వేలు పెట్టి చూపించాడు. నాకూ అదే అనిపించింది. తప్పు వీడిది కాదేమో అనుకుంటున్నాను.

సరిగ్గా అప్పుడు మా బావ వచ్చాడు. ఎయిర్‌పోర్టు ట్యాక్సీ నడుపుతాడు. రాత్రి ఆఖరి కిరాయి దింపి భోజనానికి వచ్చినట్టున్నాడు. జీవితంలో ఒక్క వీడియో గేమ్ ఆడని మనిషి. చేతిలో అన్నం పళ్లెం పట్టుకుని నిలబడి ఒక్కసారి చూశాడు. "మళ్ల ఎయ్‌రా" అన్నాడు. రెండోసారి చూసి తేల్చేశాడు.

"నువ్వు బోర్డును జూస్తున్నవ్ గానీ మనుషులను జూస్తలేవు. జూడు, గా ఎర్రబండోడు ఎప్పుడు నెమ్మదైండు? నీకంటె చాన ముందు. ఆనెనకోడు గూడ. నీ ముందటోడు గూడ. నువ్వు మాత్రం ఖాళీ రోడ్డు అన్నట్టు పోతున్నవ్. ముందటోణ్ణి గాదురా, ఆని ముందటోణ్ణి జూడాలె."

ఈ రంగంలో పండిపోయినవాళ్లు గంటల తరబడి చెప్పేదాన్ని మా బావ పప్పన్నం కలుపుకుంటూ చెప్పేశాడు. వీడి బ్రేకు పాయింటు తప్పు కాదు. అది ఖాళీ ట్రాక్‌కు సరిపోయే బ్రేకు పాయింటు. మొదటి మలుపులో ఖాళీ ట్రాక్ అనేది ఉండదు.

కాస్త లెక్క వేద్దాం

గంటకు 250 కిలోమీటర్లంటే సెకనుకు 69 మీటర్లు. కంటితో చూసి, బుర్రకెక్కి, కాలు కదలడానికి పావు సెకను పడుతుందనుకుంటే, కాలు బ్రేకును తాకేలోపే కారు 17 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. మంచి టైర్లు, మంచి బ్రేకులున్న రేసు కారు 250 నుంచి 70కి దిగడానికి ఇంచుమించు 150 మీటర్లు తీసుకుంటుంది. ఇదంతా ఒంటరిగా పోయేటప్పటి సంగతి.

గుంపులో ఈ లెక్క తప్పుతుంది. ముందున్న కారు గాలిని చీల్చుకుంటూ పోతుంది కాబట్టి వెనకవాడికి ఎదురుగాలి తగ్గుతుంది. స్లిప్‌స్ట్రీమ్ అంటారు. ఊరికే వచ్చిన వేగం అది. మలుపు దగ్గరికి మామూలుగా వచ్చేదానికంటే ఐదు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో చేరతాం. ఐదే కదా అనుకుంటాం. ఆగడానికి పట్టే దూరం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి, ఆ ఐదు కిలోమీటర్లకు మరో ఆరేడు మీటర్లు కావాలి. అంటే ఒక కారు పొడవు కంటే ఎక్కువే. ఇంకా టైర్లు వేడెక్కలేదు. పట్టు పది శాతం తగ్గినా మరో పదహారు పదిహేడు మీటర్లు. ట్యాంకు నిండా పెట్రోలుంటే బరువు. సాధన చేసేటప్పుడు మావాడు ట్యాంకులో అడుగున చుక్క పోసుకుని, టైర్లు కాగేదాకా తిరిగి, ఒంటరిగా తీసిన లెక్క ఆ నూట యాభై మీటర్ల బోర్డు. దాన్నే రేసు మొదటి ల్యాపులో వాడుతున్నాడు. పరీక్షకు వేరే సబ్జెక్టు చదువుకుని పోయినట్టు.

పైగా ఎదురుగాలి తగ్గడం వల్ల ఇంకో నష్టం ఉంది. రేసు కారును రోడ్డుకు అదిమి పట్టేది గాలే. ముందున్నవాడు దాన్ని చెదరగొట్టేశాక వెనకవాడికి దక్కేది అరకొర. ఎయిర్‌పోర్టు పక్కన ఉండేవాళ్లకు ఇది వింతేమీ కాదు. పెద్ద విమానం వెనకే చిన్న విమానాన్ని వెంటనే దిగనివ్వరు. పెద్దదాని రెక్కల కొసల నుంచి లేచే సుడిగాలి సద్దుమణిగేదాకా ఎడం పెడతారు. ఆకాశంలో ఆ ఎడం పెట్టడానికి టవర్లో ఒక మనిషి ఉంటాడు. ట్రాక్ మీద ఆ మనిషి మనమే.

రోడ్డు మీద లేని అడ్డంకి

2008లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక ముచ్చటైన ప్రయోగం ప్రచురించారు. 230 మీటర్ల గుండ్రటి దారి గీసి, 22 కార్లను దాని మీద ఒకదాని వెనక ఒకటి గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో తిరగమన్నారు. సిగ్నలు లేదు, గుంత లేదు, అడ్డం వచ్చే ఆవు లేదు. అయినా కాసేపటికి ట్రాఫిక్ జామైంది. ఎవడో ఒకడు కొద్దిగా నెమ్మదించాడు. వెనకవాడు ఇంకొంచెం ఎక్కువ నెమ్మదించాడు. ఆ వెనకవాడు ఇంకా ఎక్కువ. చివరికి కొన్ని కార్లు పూర్తిగా నిలిచిపోయాయి. ఆ నిలిచిపోవడం ఒక అలలా వెనక్కి పాకుతూ పోయింది.

శుక్రవారం సాయంత్రం ఆరాంఘర్ నుంచి శంషాబాద్ వైపు వచ్చేవాళ్లకు ఈ అల బాగా తెలుసు. గగన్‌పహాడ్ దగ్గర పావుగంట ఇరుక్కుంటాం. ఏ ప్రమాదమో జరిగి ఉంటుందని మెడ చాచి చూస్తూ వస్తాం. తీరా సాతంరాయి దాటాక ఏమీ ఉండదు, రోడ్డు ఖాళీ. ఎక్కడో ఎవరో సర్వీసు రోడ్డులోంచి హైవే మీదికి దూరాడు. అంతే.

మొదటి మలుపులో జరిగేది ఇదే, పది రెట్ల వేగంతో. అందరికంటే ముందున్నవాడు కాలు కాస్త ఎత్తితే, ఐదోవాడు బ్రేకు వేయాలి, పదోవాడు గట్టిగా తొక్కాలి. పదిహేనోవాడికి ఇక తొక్కడానికి జాగా మిగలదు. అందుకే టర్న్ వన్ ప్రమాదాల్లో ఎక్కువగా నలిగేది నడి గుంపు. మా మేనల్లుడు ఎప్పుడూ మొదలుపెట్టేది పదకొండు, పన్నెండు స్థానాల్లో.

తెర మీది కారు అసలు కారు కాదు

నిజం ట్రాక్ మీద లేని ఇంకో బాధ ఆన్‌లైన్‌లో ఉంది. మన తెర మీద కనిపించే పక్కవాడి కారు అసలు కారు కాదు. వాడింటి నుంచి సర్వరుకు, సర్వరు నుంచి మనింటికి వచ్చిన కబురు. సర్వరు ముంబైలోనో సింగపూర్‌లోనో ఉంటే ఆ కబురు త్వరగా వస్తుంది. యూరప్‌లో ఉంటే వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే. వంద మిల్లీసెకన్లంటే సెకనులో పదోవంతు. రెప్పపాటు కూడా కాదు. కానీ 250 వేగంలో ఆ పదోవంతుకు కారు దాదాపు 7 మీటర్లు కదులుతుంది. కారు పొడవే ఐదు మీటర్ల లోపు.

ఆ ఖాళీని గేమ్ తన ఊహతో పూడుస్తుంది. ఇందాకటి వేగంతోనే పోతూ ఉంటాడులే అనుకుని ముందువాడి కారును కాస్త ముందుకు జరిపి గీస్తుంది. వాడు సరిగ్గా ఆ క్షణంలో బ్రేకు తొక్కితే ఆ ఊహ తప్పుతుంది. కబురు అందగానే కారును వెనక్కి లాగి సరిదిద్దుతుంది. అప్పటికి మన ముక్కు వాడి డిక్కీలో ఉంటుంది. అందుకే ఆటయ్యాక జరిగే పంచాయితీలో ‘నేను తాకనేలేదు’ అని ఒకడు, ‘వచ్చి గుద్దేశాడు’ అని ఇంకొకడు ప్రమాణాలు చేస్తారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఎవడి తెర మీద వాడు చూసిందే చెబుతున్నాడు.

వైఫై మానేసి కింది నుంచి మేడ మీదికి కేబుల్ లాగాక మావాడికి ఈ బాధ కొంత తగ్గింది. పూర్తిగా పోయే జబ్బు మాత్రం కాదు. 2023 జనవరిలో జరిగిన వర్చువల్ లే మాన్ 24 గంటల రేసులో, అప్పటికే రెండుసార్లు ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయిన మాక్స్ వెర్‌స్టాపెన్ అందరికంటే ముందుండగా కనెక్షన్ తెగి వెనకబడ్డాడు. అంత పెద్ద రేసులోనే అలా ఉంటే మన సాతంరాయి అంతర్జాలం ఎంత!

పెద్దోళ్లూ తక్కువ తినలేదు

ఆన్‌లైన్ లాబీలో, అంటే రేసుకు ముందు అందరూ చేరే చోట, ఎవరినైనా ‘అంత మొండిగా ఎందుకు దూరావు’ అని అడిగితే సెన్నా పేరు చెబుతారట. 1990 అక్టోబరు 21, జపాన్‌లోని సుజుకా. ఫార్ములా వన్ రేసులో అయిర్టన్ సెన్నా మొదటి స్థానం నుంచి బయల్దేరాడు. పక్కనున్న అలాన్ ప్రాస్ట్ ఒక అడుగు ముందుకు లాగాడు. మొదటి మలుపులో సెన్నా తగ్గలేదు. రెండు కార్లూ దుమ్ము రేపుకుంటూ కంకరలోకి పోయాయి. ఆ దెబ్బతో ఆ ఏటి ఛాంపియన్‌షిప్ సెన్నాకు ఖాయమైంది. కావాలనే చేశానని ఏడాది తరువాత తనే ఒప్పుకున్నాడు. కుర్రాళ్లు కథలో ఈ సగమే గుర్తుపెట్టుకుంటారు. మిగతా సగం ఇది: ఆ రోజు ఇద్దరూ ఆగిపోతే సెన్నాకు లాభం. లాబీలో ఇద్దరూ ఆగిపోతే ఎవడికీ చిల్లిగవ్వ రాదు.

నేను చెప్పదలిస్తే ఇంకో ఫార్ములా వన్ డ్రైవరు రొమాన్ గ్రోజాన్ కథ చెబుతాను. 2012 సెప్టెంబరు 2, బెల్జియంలోని స్పా. లైట్లు ఆరగానే పక్కన హామిల్టన్ ఉన్నాడని చూసుకోకుండా కుడికి జరిగాడు. చక్రానికి చక్రం తగిలింది. గాల్లోకి లేచిన కారు ఇంకో డ్రైవరు అలొన్సో తల పక్క నుంచే దూసుకుపోయింది. గ్రోజాన్‌కు 50 వేల యూరోల జరిమానా, ఒక రేసు నిషేధం పడ్డాయి. తరువాతి రేసు మోంజాలో. దాన్ని అందరితో పాటు తనూ చూస్తూ కూర్చున్నాడు.

మనకు కళ్లముందు జరిగిన పాఠం ఒకటుంది, సాతంరాయికి ఇరవై కిలోమీటర్ల దూరంలోనే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు. 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్, 18 మలుపులు. 2013 నాటి నోయిడా ఫార్ములా వన్ తరువాత మన దేశంలో జరిగిన మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కారు రేసు అదే. జాగ్వార్ జట్టు డ్రైవరు మిచ్ ఎవాన్స్ పోల్ పొజిషన్లో, అంటే అందరికంటే ముందు ఉన్నాడు. మొదటి మలుపు గండం గట్టెక్కాడు. మొదటి ల్యాపూ దాటాడు. రేసు సాగుతుండగా మూడో మలుపు దగ్గర, లోపలి వైపు నుంచి దూరబోయి అదుపు తప్పి వచ్చి గుద్దిందెవరు? సామ్ బర్డ్. అదే జాగ్వార్ జట్టు! రెండు కార్లూ అక్కడితో సరి. గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్. చివరి ల్యాపుల్లో బ్యాటరీ అడుగంటుతుంటే వెనక తరుముతున్న కాసిడీ అనే డ్రైవరును ఆపుకుంటూ, ఎక్కడా ఒక్క వాటు వృథా చేయకుండా గీత దాటాడు. మరుసటేడు జరగాల్సిన రేసు రద్దయింది.

బర్డ్ చేసినదానికి ఆన్‌లైన్‌లో ఒక పేరుంది: డైవ్ బాంబ్. చాలా వెనక నుంచి బ్రేకు వేయకుండా వచ్చి లోపలి వైపు పడటం. పదిసార్లలో రెండుసార్లు ఫలిస్తుంది. ఆ రెండింటినే యూట్యూబ్‌లో పెడతారు.

రోడ్ రాష్ పెంచిన తరం

ఇందులో మా తరం తప్పు కూడా ఉంది. 1996లో పీసీకి వచ్చిన రోడ్ రాష్‌తో మేం రేసులు నేర్చుకున్నాం. అమీర్‌పేట నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి, పక్క బండివాణ్ణి కాలితో తన్నడమే ఆట అనుకున్నాం. పోలీసు వెంటపడితే అతణ్ణీ తన్నేవాళ్లం. గెలవడం తరువాతి మాట. ఆ తరువాత వచ్చిన కారు ఆటల్లోనూ మలుపు వస్తే పక్కవాణ్ణి గోడలా వాడుకుని తిరగడమే మాకు తెలిసిన విద్య. కంప్యూటరు నడిపే కార్లకు బాధ ఉండదు కదా.

ఆ అలవాటు అసలు రేసర్లలోనూ ఉందని 2020 లాక్‌డౌన్‌లో బయటపడింది. నిజం రేసులన్నీ ఆగిపోయి ఫార్ములా వన్ వాళ్లు మార్చి 22న బహ్రెయిన్ వర్చువల్ గ్రాండ్ ప్రీ పెట్టారు. 1990లలో ఫార్ములా వన్‌లో మూడు రేసులు గెలిచిన, 1991లో లే మాన్ గెలిచిన జానీ హెర్బర్ట్ ఏం చేశాడు? మొదటి మలుపు తిరగనే లేదు. అడ్డదారిన ట్రాక్ బయటి నుంచి కోసుకుంటూ పోయి నేరుగా అందరికంటే ముందు తేలాడు. పొలానికి అడ్డం పడి బస్సు పట్టుకున్నట్టు! ఆ ముందుండటం ఎంతోసేపు నిలవలేదనుకోండి. అదే ఏడాది మే నెలలో ఫార్ములా ఈ వాళ్ల ఆన్‌లైన్ రేసులో డానియెల్ అబ్ట్ అనే డ్రైవరు తన బదులు ఒక గేమరును కూర్చోబెట్టి దొరికిపోయాడు. పదివేల యూరోలు దానం చేయమన్నారు. ఆడీ కంపెనీ సస్పెండ్ చేసింది. ఆట మీద వేసిన ఎత్తు అసలు ఉద్యోగాన్నే తన్నుకుపోయింది.

పంచాయితీ పెట్టని న్యాయం

అందుకే గేమ్ తయారుచేసేవాళ్లు రకరకాల కట్టుబాట్లు తెచ్చారు. 2008లో మొదలైన ఐరేసింగ్ ఈ విషయంలో అందరికంటే కరకు. ప్రతి డ్రైవరుకూ సేఫ్టీ రేటింగ్ ఉంటుంది. ట్రాక్ అంచు దాటితే ఒక పాయింటు, కారు గిర్రున తిరిగితే రెండు, ఇంకో కారును గట్టిగా గుద్దితే నాలుగు చొప్పున ఖాతాలో పడతాయి. అవి పెరిగేకొద్దీ రేటింగ్ పడిపోతుంది. కొత్తవాడు రూకీ లైసెన్సుతో మొదలుపెట్టి డి, సి, బి, ఏ అని మెట్లెక్కాలి. ఇందులో చాలామందికి మింగుడుపడనిది ఒకటుంది. తప్పెవరిదో అది చూడదు. గుద్దినవాడికీ, గుద్దించుకున్నవాడికీ ఇద్దరికీ నాలుగే.

మొదట్లో నాకూ ఇదేం న్యాయం అనిపించింది. ఆలోచిస్తే ఇదే పనికొచ్చే న్యాయమని తోచింది. తప్పు నాది కాదని నిరూపించుకున్నంత మాత్రాన వంగిపోయిన కారు సాపవుతుందా? తప్పెవడిదైనా దూరంగా ఉండటం నా పనే అని మనిషికి పట్టాలంటే ఇద్దరికీ వడ్డించాల్సిందే.

గ్రాన్ టురిస్మో వాళ్లు బడిపంతుళ్ల దారి పట్టారు. 2017లో వచ్చిన గ్రాన్ టురిస్మో స్పోర్ట్‌లో ఆన్‌లైన్ రేసుకు పోవాలంటే మర్యాదలు నేర్పే రెండు చిన్న వీడియోలు చూసి తీరాల్సి వచ్చేది. అందులో వేగానికి ఒక రేటింగ్, నడవడికి ఒక రేటింగ్. బుద్ధిమంతులను బుద్ధిమంతులతోనే కలిపేది. మావాడన్నట్టు, పాడు సంతలోంచి మంచి సంతకు పోవాలన్నా ముందు పాడు సంతలో కొన్నాళ్లు ఓపిగ్గా నడవాల్సిందే.

కుర్చీ కింద పాత చెప్పులు

బావ మాట విన్నాక కూడా మొదటి రెండు రోజులు వీడి రాత మారలేదు. ముందే బ్రేకు వేస్తున్నాడు, అయినా కారు ఆగడం లేదు. ఈసారి మేం తెరను కాక వీణ్ణి చూశాం. గట్టిగా బ్రేకు తొక్కగానే చక్రాల కుర్చీ వెనక్కి జరుగుతోంది! కాలు పెడల్‌కు అందక సగం బ్రేకే పడుతోంది. ఒంటరిగా తిరిగేటప్పుడు నిమ్మళంగా తొక్కుతాడు కాబట్టి ఇది తెలియలేదు. గుంపులో గాభరాగా తొక్కేసరికి కుర్చీ పారిపోతోంది. మా అక్క నాలుగు పాత హవాయి చెప్పులు తెచ్చి ఒక్కో చక్రం కింద ఒకటి పెట్టింది. నేను దండెం తాడుతో కుర్చీని బల్ల కాలికి కట్టాను. ఈ ఇంట్లో మోటార్ స్పోర్ట్ మీద పెట్టిన ఖర్చులన్నిట్లోకీ ఫలితమిచ్చింది అదే.

ఆ తరువాత వాడు చేసిన మార్పులు చూస్తుంటే ముచ్చటేసింది. ఇప్పుడు రోజూ పావుగంట నిండు ట్యాంకుతో, చల్లటి టైర్లతో మొదటి ల్యాపు ఒక్కటే తిరుగుతాడు. ఆ ల్యాపులో బ్రేకు ఎక్కడ పడాలో కొత్తగా తేల్చుకున్నాడు. రేసులో అంతకంటే ఇంకో ఇరవై ముప్పై మీటర్ల ముందే గ్యాసు మీది నుంచి కాలు తీస్తాడు. అయితే ధబీమని తొక్కడు. ముందు మెల్లగా, తరువాత గట్టిగా. ఎందుకంటే వెనకవాడికి మా బావ లాంటి బావ లేకపోవచ్చు. వాడు ఖాళీ ట్రాక్ లెక్కలోనే వస్తుంటాడు. అతి జాగ్రత్తతో నడిరోడ్డు మీద ఆగిపోవడం కూడా ప్రమాదం తెచ్చే పనే.

చూపు ముందు కారు బంపరు మీద కాదు. దాని అద్దాల్లోంచి, పక్కనుంచి, రెండు మూడు కార్ల అవతలికి. ఎర్ర లైటు ఎక్కడ మొదట వెలిగిందో అక్కడ వీడి బ్రేకు మొదలు. ఎటువైపు పోవాలో సూటి దారిలోనే తేల్చుకుంటాడు. బ్రేకు మీద కాలు పడ్డాక స్టీరింగు తిప్పి లైను మారడు. చాలా గుద్దులాటలు ఆ మారడంలోనే పుడతాయి. ఇద్దరి మధ్యలోకి మూడోవాడిగా దూరడం పూర్తిగా మానేశాడు. శాండ్‌విచ్‌లో మధ్యవాడికి ఏ వైపూ తలుపు ఉండదు.

లోపలా బయటా అన్న తగువు ఒకటి ఉంది. కొత్తవాళ్లు లోపలి వైపు ఎగబడతారు, దారి దగ్గరని. కానీ లోపల మలుపు మరీ ఇరుకు, బాగా నెమ్మదించాలి. వెనక నుంచి వచ్చిన డైవ్ బాంబులన్నీ అక్కడే పడతాయి. మోంజాలో బయటి వైపు పోతే రెండు లాభాలు. మొదటి మలుపు కుడికి, రెండోది ఎడమకు కాబట్టి, ఇప్పుడు బయట ఉన్నవాడు మరు క్షణంలో లోపల ఉంటాడు. రెండో లాభం, అంతా చేయి దాటితే ఎదురుగా సూటిగా పోయే ఖాళీ జాగా ఉంది. తిరగడం మానేసి అందులోకి పోతే మూడు నాలుగు సెకన్లు పోతాయి, కారు మాత్రం నిండుగా మిగులుతుంది. నలభై నిమిషాల రేసులో నాలుగు సెకన్లు తిరిగొస్తాయి. వంగిన సస్పెన్షన్ తిరిగి రాదు. కాకపోతే మళ్లీ ట్రాక్ మీదికి వచ్చేటప్పుడు, సర్వీసు రోడ్డులోంచి చూడకుండా హైవే ఎక్కే మన ఆటోల మాదిరిగా కాకుండా, వెనక చూసుకుని అంచు పట్టుకుని రావాలి.

కారు గిర్రున తిరిగిపోతే ఏం చేయాలన్నది వీడికి చివరికి అబ్బిన విద్య. బ్రేకు బిగపట్టి కదలకుండా ఉండాలి. మనకు పారిపోవాలనిపిస్తుంది. కానీ వచ్చేవాళ్లు ఆగి ఉన్న కారును తప్పించగలరు, ఎటు దొర్లుతుందో తెలియని కారును తప్పించలేరు. నెహ్రూ జూ పార్కు దగ్గర రోడ్డు దాటే పెద్దావిడ మధ్యలో వెనక్కి పరుగెత్తితే ఏమవుతుందో డ్రైవర్లను అడగండి.

"మరి గట్ల ముందే బ్రేకు గొడ్తే స్థానాలు పోతయ్ గద మామా" అని మొదట్లో గొణిగేవాడు. పోతాయి. రెండో మూడో పోతాయి. పది సెకన్ల తరువాత ఆ ముందుపోయినవాళ్లలో సగం మంది కంకరలో అడ్డంగా కనిపిస్తారు. వాళ్ల పక్క నుంచి ఇరవై కిలోమీటర్లు తక్కువ వేగంతో మర్యాదగా దాటిపోవచ్చు. మొదటి మలుపులో రేసు గెలిచినవాణ్ణి నేను చూడలేదు. ఓడినవాళ్లను మా మేడగదిలోనే వారానికి నలుగురిని చూశాను.

మొన్న బుధవారం రాత్రి మళ్లీ మోంజా. పన్నెండో స్థానం నుంచి మొదలు. గీత దాటింది. సూటి దారి. నేను వాడి వెనక గోడకానుకుని నిలబడ్డాను. ముందు ఎక్కడో ఒక ఎర్ర లైటు. వీడి కుడికాలు గ్యాసు మీది నుంచి లేచింది, బోర్డు ఇంకా రాకముందే. చెప్పులు కిర్రుమన్నాయి గానీ కుర్చీ కదల్లేదు. కుడి పక్క నుంచి ఒకడు రివ్వున దాటి లోపల పడ్డాడు. వాడి వెనక ఇంకొకడు. పొగ. ఒక నీలం కారు అడ్డం తిరిగింది. వీడు బయటి అంచు పట్టుకుని, దాని ముక్కుకూ గడ్డికీ మధ్య ఒక కారంత సందులోంచి, గేరు మార్చి, బయటికి వచ్చేశాడు. అద్దంలో చూస్తే వెనకంతా దుమ్ము.

పన్నెండులో మొదలుపెట్టి ఏడులో తేలాడు. రేసంతా ఎవరినీ బ్రేకుల దగ్గర దాటలేదు, ఎవరినీ తాకలేదు. ఆఖరికి ఆరో స్థానం. సేఫ్టీ రేటింగు కాస్త పెరిగింది. కిందికి దిగి మా బావకు చెబితే, "గింతేనా! నేను గిది రోజు జేస్త, ఎవ్వడు నంబరియ్యడు" అని కారు తాళాలు తీసుకుని తెల్లారుజాము ఫ్లైటు కిరాయికి పోయాడు.

వచ్చే శనివారం రాత్రి పదిన్నరకు మళ్లీ రేసుంది. ఆ లాబీలో మీరో, మీ అబ్బాయో ఉంటే, గుంపు మధ్యలో ఒక తెల్ల కారు కనిపిస్తుంది. అది బోర్డు రాకముందే నెమ్మదిస్తుంది. వెనక నుంచి గుద్దకండి, మావాడే.